ఏఎంహెచ్ తగ్గిందన్నారా? విటమిన్ మాత్రలు కొనే ముందు చేయాల్సిన పనులు

పాలకొల్లులో మా మందుల షాపు కౌంటర్ మీద మొన్న శ్రావణంలో ఒకావిడ క్యారీ బ్యాగ్ బోర్లించింది. 34 ఏళ్లు, పెళ్లయి నాలుగేళ్లు. ఏఎంహెచ్ అంటే అండాశయాల్లో అండాలు సుమారుగా ఎన్ని మిగిలాయో చెప్పే రక్త పరీక్ష. అది 1.1 అని ఉన్న రిపోర్టు నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. సంచిలోంచి రాలినవి ఇవి: విటమిన్ డి3 పొడి సాషేలు, కాల్షియం షీటు, మల్టీవిటమిన్ డబ్బా, 'ఎగ్ క్వాలిటీ' అని రాసి ఉన్న క్యాప్సూల్స్, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్రలు, మస్కట్ నుంచి ఆడపడుచు తెచ్చిన జుట్టు గమ్మీలు. "ఇవన్నీ వాడుతున్నానండి. అండాలు పెరగడానికి ఇంకా మంచిది ఏదైనా ఉంటే ఇవ్వండి" అంది.

ఆ పూట నేను ఆవిడకి ఏమీ అమ్మలేదు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, దాని వెనక ఇద్దరం లెక్క రాసుకున్నాం. అదే లెక్క మీ చేత కూడా వేయించాలని ఇది రాస్తున్నాను. పదహారేళ్లుగా ఈ కౌంటర్ వెనక ఉన్నాను. ఈ విషయంలో ఆడవాళ్లు డబ్బు పోగొట్టుకోవడం చూశాను. అంతకంటే విలువైన నెలలు పోగొట్టుకోవడం ఇంకా ఎక్కువగా చూశాను.

ముందు సంచి ఖాళీ చేయండి

ఇంట్లో ఉన్న ప్రతి షీటు, ప్రతి డబ్బా మంచం మీద పరవండి. బంధువులు గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో తెచ్చినవి కూడా వదలొద్దు. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: మందు పేరు, అందులో ఏముంది, రోజుకి ఎంత. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలు వదిలేసి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ఒకే విటమిన్ నాలుగు చోట్ల కనిపిస్తుంది.

ఆవిడ విషయంలో విటమిన్ డి అలాగే తేలింది. సాషేలో 60,000 ఐయూ (విటమిన్‌ని కొలిచే యూనిట్లు), వారానికి ఒకటి. అంటే రోజుకి దాదాపు 8,570. కాల్షియం మాత్రలో 500 చొప్పున రెండు పూటలా 1,000. మల్టీవిటమిన్‌లో 400. 'ఎగ్ క్వాలిటీ' క్యాప్సూల్‌లో 2,000. అన్నీ కలిపితే రోజుకి 12,000 దగ్గరికి వచ్చింది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు రోజూ వాడుకోదగ్గ పైహద్దు 4,000 ఐయూ. చీటీ తీసి చూస్తే సాషే వారానికి ఒకటి చొప్పున 8 వారాలే వాడమని ఉంది. ఆవిడ ఎనిమిది నెలలుగా ఆపలేదు. "ఆపమని ఎవరూ చెప్పలేదండి" అంది. ఆ మాట నిజమే. వేసుకోమని అందరూ చెబుతారు, ఎప్పుడు ఆపాలో మనమే అడిగి రాసుకోవాలి.

బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి, ఇ, కె అలా పోవు, కొవ్వులో నిల్వ ఉండిపోతాయి. డి మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, అతిదాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు దాకా వెళ్లొచ్చు. లెక్కలో ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని డబ్బాల మీద డి విటమిన్‌ని మైక్రోగ్రాముల్లో రాస్తారు. 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ. 25 అని చిన్నగా కనిపించినా అది 1,000 ఐయూ.

మాత్ర చేయగలిగేది ఎంతో తెలుసుకోండి

ఆడపిల్ల గాదె నింపుకునే పుడుతుంది. తల్లి కడుపులో ఐదో నెలలో అండాలు 60, 70 లక్షల దాకా ఉంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు. 37 ఏళ్ల ప్రాంతంలో పాతిక వేలు. ముట్లుడిగే వేళకి వెయ్యి లోపు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400, 500 మాత్రమే. మిగతావన్నీ లోపలే కరిగిపోతాయి. గర్భంతో ఉన్నా, పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతున్నా ఆ కరగడం ఆగదు. కొత్త గింజ పోసే దారి లేని గాదె అది. అందుకే 'అండాల సంఖ్య పెంచుతుంది' అని రాసిన డబ్బాని నేను అరలో పెట్టను.

రెండోది నాణ్యత. మీకు 38 ఏళ్లు ఉంటే ఈ నెల విడుదలయ్యే అండానికి 38 ఏళ్లు దాటినట్టే. ఇన్నేళ్లూ అది విభజన మధ్యలో ఆగిపోయి కూర్చుంది. మళ్లీ కదిలేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా రెండు పక్కలకీ విడిపోవాలి. వాటిని జతగా పట్టి ఉంచే కట్లు వయసుతో వదులవుతాయి. 35 దాటాక గర్భస్రావాలు పెరగడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఏ విటమినూ ఆ కట్లని తిరిగి బిగించదు.

మరి మాత్రలు దేనికి? లోటు ఉంటే పూడ్చడానికి. రక్తహీనత, బి12 లోటు, థైరాయిడ్ తేడా ఉన్న ఒంటికి గర్భం మోయడం కష్టం. వాటిని సరిచేస్తే తేడా నిజంగా తెలుస్తుంది. ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నెముకని కాపాడుతుంది. ఈ రెండు పనులూ చిన్నవేం కావు.

పరీక్షలు ఏవి, ఎలా

ముందు సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష, చేయించండి. అందులో హిమోగ్లోబిన్ వస్తుంది, గర్భం లేని ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత. వీలైతే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు. వీటితో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బి12, విటమిన్ డి చాలు. పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు.

ఏఎంహెచ్ రిపోర్టు చేతికి రాగానే టెన్షన్ పడిపోకండి. అది గాదెలో గింజలు సుమారుగా ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఆ గింజ మొలుస్తుందో లేదో చెప్పదు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, సంతాన సమస్య చరిత్ర లేని 30 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లని చూశారు. ఏఎంహెచ్ తక్కువ ఉన్నవాళ్లకీ, మామూలుగా ఉన్నవాళ్లకీ సహజంగా గర్భం వచ్చే అవకాశంలో పెద్ద తేడా కనిపించలేదు. ఐవీఎఫ్‌కి (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతికి) వెళ్లేవాళ్లకి మాత్రం ఈ అంకె బాగా పనికొస్తుంది. ఇంజెక్షన్లకి ఎన్ని అండాలు రావచ్చో డాక్టర్ దాన్నిబట్టి అంచనా వేస్తారు.

ఏఎంహెచ్ పరీక్షకి వెళ్లే ముందు మూడు సంగతులు. జుట్టుకీ గోళ్లకీ అని అమ్మే గమ్మీల్లో బయోటిన్ చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది. అది ఏఎంహెచ్, టీఎస్‌హెచ్ లాంటి రక్త పరీక్షల అంకెల్ని తప్పుగా చూపించగలదు. కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపేసి, ఆ సంగతి ల్యాబ్‌లో కూడా చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఏఎంహెచ్ తక్కువగా కనబడుతుంది. ఇక యూనిట్లు చూడండి. కొన్ని ల్యాబ్‌లు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని పీకోమోల్స్‌లో ఇస్తాయి. మిల్లీలీటరుకి 1 నానోగ్రాము అంటే లీటరుకి దాదాపు 7 పీకోమోల్స్. భీమవరంలో ఒకసారి, రాజమండ్రిలో ఒకసారి చేయించి 'పెరిగింది', 'తగ్గింది' అనుకోవద్దు.

ఫోలిక్ యాసిడ్: ఇది మాత్రం మానొద్దు

పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం ఒక నెల ముందు నుంచి, గర్భం వచ్చాక 12 వారాల దాకా, రోజుకి 400 మైక్రోగ్రాములు. మన షాపుల్లో అడగ్గానే చేతికొచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర, అంటే పన్నెండు రెట్లకి పైగా. ఆ పెద్ద మోతాదు అందరికీ కాదు. ముందు కాన్పులో బిడ్డకి వెన్నెముక లోపం వచ్చినవాళ్లకీ, ఫిట్స్ మందులు వాడేవాళ్లకీ, షుగర్ ఉన్నవాళ్లకీ డాక్టర్లు రాస్తారు. మీకు చీటీలో 5 అని లేకపోతే 400 మైక్రోగ్రాములదే అడిగి తీసుకోండి. బి12 లోటు ఉండగా ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో వాడితే రక్తం రిపోర్టు బాగున్నట్టు కనిపిస్తుంది, నరాలకి జరిగే నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భం లేని ఆడవాళ్లకి అది వారానికి ఒకటి. మంచిదే, ఉచితం కూడా. ప్రయత్నంలో ఉన్నవాళ్లకి మాత్రం వారానికొకటి సరిపోదు, రోజువారీ ఫోలిక్ యాసిడ్ విడిగా ఉండాలి.

ఐరన్ వంటింట్లోనే గెలుస్తుంది, అక్కడే ఓడిపోతుంది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన డెల్టాలో పంటకి లోటు లేదు, చేపకి లోటు లేదు. అయినా ఆ లెక్క బయట మనమేం లేం. ఇంట్లో అందరూ తిన్నాక చేపల పులుసులో మిగిలేది చారే. చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఆ చారన్నమే తింటారు. ఇకనుంచి మీ ముక్క ముందే తీసి పక్కన పెట్టుకోండి. నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను, మీ అత్తగారి ముందైనా సరే తీసి పెట్టుకోండి. చేప ముక్కలో ఉన్న ఐరన్ సులువుగా ఒంటికి పడుతుంది. పైగా అది పక్కనుంటే తోటకూరలో, మునగాకులో ఉన్న ఐరన్ కూడా ఎక్కువగా పడుతుంది. మాంసాహారం తినని ఇళ్లలో ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండండి, భోజనంలో ఉసిరికాయో, తర్వాత జామకాయో ఉండేలా చూసుకోండి. సి విటమిన్ ఐరన్‌ని లోపలికి లాగుతుంది.

టీ దాన్ని బయటే ఆపేస్తుంది. భోజనం ముగించి పది నిమిషాల్లో టీ తాగే అలవాటు ఉంటే గంటన్నర వెనక్కి జరపండి. కాఫీకీ ఇదే మాట.

మాత్ర వేసుకునే పద్ధతి ఇది. పొద్దున్న 11 ప్రాంతంలో, టిఫిన్ అరిగాక, నిమ్మరసం నీళ్లతో. పాలతో వద్దు. కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది ఐరన్ రంగే. కడుపులో తిప్పుతుంటే మానేయకుండా భోజనం తర్వాతకి మార్చండి, లేదా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. అలా వేసుకున్నప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఒంటికి పట్టేది ఎక్కువని పరిశోధనల్లో తేలింది. మూడు నెలలు వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే మోతాదు పెంచకండి, కారణం వెతికించండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతుండొచ్చు, పుట్టుకతో వచ్చే థలసీమియా అనే రక్త లోపం స్వల్పంగా ఉండొచ్చు.

బి12, డి

బి12 మొక్కల ఆహారంలో దొరకదు. గుడ్డు, చేప, పాలు, పెరుగు నుంచి వస్తుంది. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) కోసం మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లలో బి12 తగ్గుతుంది. మీరు ఆ మందు మీద ఉంటే ఏడాదికోసారి పరీక్ష అడగండి.

ఇంత ఎండ ఉన్న ఊళ్లలో డి లోటు ఏమిటని చాలామంది అడుగుతారు. కొబ్బరితోట నీడలో ఇల్లు, పొద్దుటి పని వంటింట్లో, బయటికొస్తే చీర కొంగు, చున్నీ, గొడుగు. చర్మానికి ఎండ తగలందే డి తయారవదు. పరీక్షలో 20 నానోగ్రాముల కంటే తక్కువ వస్తేనే లోటు అంటారు. అప్పుడు డాక్టర్ చెప్పిన వారాలు సాషే వాడండి. ఆదివారం మధ్యాహ్నం భోజనంతోపాటు వేసుకుంటే మర్చిపోరు, కాస్త నూనె, గుడ్డు, చేప ఉన్న భోజనంతో అది బాగా పడుతుంది. మొదటి సాషే వేసుకున్న రోజే చివరిది ఏ తేదీనో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. డి పెరిగితే ఏఎంహెచ్ పెరుగుతుందన్న మాట విని ఉంటారు. దాని మీద పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. ఎముకల కోసం, ఒంటి కోసం లోటు పూడ్చుకోండి, అండాలు పెరుగుతాయన్న ఆశతో మోతాదు పెంచకండి.

అరలో వదిలేయాల్సినవి

అండాల కోసమని అమ్మే డీహెచ్‌ఈఏ విటమిన్ కాదు, హార్మోన్. మొటిమలు, మీసం దగ్గర వెంట్రుకలు, గొంతు మారడం తెస్తుంది. డాక్టర్ చీటీ లేకుండా ముట్టుకోవద్దు. విటమిన్ ఎ రెటినాల్ రూపంలో రోజుకి 10,000 ఐయూ దాటితే కడుపులో బిడ్డకి లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకని ప్రయత్నంలో ఉన్నవాళ్లు కాడ్ లివర్ ఆయిల్ మానేయండి, వారం వారం లివర్ వేపుడు తినే అలవాటు కూడా తగ్గించుకోండి.

అండాల నాణ్యత కోసమని అమ్మే కోఎంజైమ్ క్యూ10 గురించే ఎక్కువమంది అడుగుతారు. ఐవీఎఫ్‌లో అండాలు తక్కువ వచ్చే ఆడవాళ్లకి ముందుగా రెండు నెలలు ఇచ్చి చూసిన చిన్న పరిశోధనల్లో అండాశయాల స్పందన కొంత మెరుగుపడింది. బిడ్డ చేతికొచ్చే అవకాశం పెరిగిందని గట్టిగా తేలలేదు. మీ డాక్టర్ ఐవీఎఫ్‌కి ముందు రాస్తే వాడండి. ఇంట్లో ప్రయత్నం చేస్తూ నెలకి రెండు మూడు వేలు దాని మీద పెట్టేకన్నా ఆ డబ్బుతో గుడ్లు, చేపలు, పండ్లు కొనుక్కోమంటాను.

సిగరెట్, చుట్ట పొగ మాత్రం అండాశయాలకి నేరుగా దెబ్బ. పొగతాగే ఆడవాళ్లకి ముట్లు ఒకటి రెండేళ్లు ముందే ఆగిపోతాయి. పక్కవాళ్ల పొగ కూడా మంచిది కాదు. ఇంట్లో మామగారిని, భర్తని అరుగు మీద కూడా కాదు, వీధి చివరికి పంపండి.

రోజులో ఏది ఎప్పుడు

థైరాయిడ్ మాత్ర ఉంటే నిద్రలేవగానే, ఉత్త నీళ్లతో. కాఫీ అరగంట, గంట తర్వాత. దానికీ, ఐరన్, కాల్షియంలకీ మధ్య నాలుగు గంటలు. 11 గంటలకి ఐరన్. కాల్షియం రాత్రి భోజనంతో. ఫోలిక్ యాసిడ్ ఎప్పుడైనా సరే, రోజూ ఒకే వేళకి. ఈ పట్టిక రాసి బియ్యం డబ్బా మూత మీద అంటించుకోండి.

అండం చివరి దశ ఎదుగుదలకి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఏ మార్పునైనా అంతకాలం చూడాలి. మూడు నెలలయ్యాక లోటున్నవాటికే మళ్లీ పరీక్ష, ఆ తర్వాత అవసరం తీరిన మాత్ర ఆపేయడం.

గర్భసంచి తీయించుకోమన్నారా?

ఇది విడిగా చెప్పాలి. మన రాష్ట్రం గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటని కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. పాతికేళ్లకే ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్, ముప్పై అయిదుకి గర్భసంచి ఆపరేషన్ అయిపోయిన అక్కలు, వదినలు నా కౌంటర్ ముందు రోజూ నిలబడతారు. కీళ్ల నొప్పులు, ఒళ్లు మంట, నిద్ర పట్టకపోవడం. బలానికి మాత్రలివ్వమని అడుగుతారు.

అండాశయాలు ఉంచేసినా, గర్భసంచి తీశాక వాటికి రక్తసరఫరా తగ్గి ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందుకు రావచ్చు. అవి కూడా తీసేస్తే ఆ రోజునుంచే మెనోపాజ్. మీ డిశ్చార్జ్ కాగితం తీయండి. అందులో 'బీఎస్‌ఓ' అన్న మూడు అక్షరాలు ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టు. 45 లోపు అలా జరిగి ఉంటే విటమిన్ మాత్రలతో సరిపెట్టుకోకండి. ఎముకలకీ గుండెకీ కావాల్సింది హార్మోన్. క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే 50 ఏళ్ల ప్రాంతం వరకు హార్మోన్ చికిత్స వాడొచ్చేమో గైనకాలజిస్టుని అడగండి. ఇంకా ఆపరేషన్ కాలేదా? రక్తస్రావానికి మాత్రలు, హార్మోన్ లూప్ (గర్భసంచిలో పెట్టే చిన్న పరికరం) లాంటి దారులు ఉన్నాయా, అండాశయాలు ఉంచుతారా అని రెండు ప్రశ్నలు వేసి, ఇంకో డాక్టర్‌కి కూడా చూపించుకుని అప్పుడు సంతకం పెట్టండి. అండాశయంలో చాక్లెట్ సిస్టుకి (పాత రక్తం నిండిన తిత్తికి) ఆపరేషన్ చెప్పినా ముందు ఏఎంహెచ్ చేయించుకోండి. సిస్టుతో పాటు మంచి అండాలు కూడా కొన్ని పోతాయి.

ఎప్పుడు ఎదురుచూడకూడదు

35 లోపు ఏడాది ప్రయత్నం. 35 దాటితే ఆరు నెలలు. 40 దాటితే ఆలస్యం లేకుండా వెంటనే. 40 లోపే నెలసరి మూడు నాలుగు నెలలు రాకుండా పోతే, గర్భం కాదని తేలాక ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాల పనితీరు చూపే హార్మోన్) పరీక్షకి వెళ్లాలి. 'బలహీనత, టానిక్ తాగితే వస్తుంది' అని ఎవరు చెప్పినా ఆగకండి. అమ్మకో, అక్కకో ముట్లు త్వరగా ఆగిపోయి ఉంటే ఆ వయసు కూడా డాక్టర్‌కి చెప్పండి.

ఆ రోజు క్యాలెండర్ కాగితం వెనక చివరికి మిగిలినవి నాలుగు: ఫోలిక్ యాసిడ్ 400, ఐరన్, సీబీపీ, టీఎస్‌హెచ్. సాషేలు ఆపి, డి, కాల్షియం పరీక్షలు చేయించి డాక్టర్ గారికి చూపించమని పక్కన రాశాను. గమ్మీలు కొట్టేశాం. అప్పుడు అడిగాను, "మీవారి పరీక్ష అయిందా అమ్మా?" అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాలుగేళ్లలో ఎవరూ అడగలేదట. పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది, వాళ్ల వీర్య పరీక్షకి ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకి దూరంగా ఉంటే చాలు, ఒక పూటలో రిపోర్టు వస్తుంది. కాగితం అడుగున ఐదో గీత గీసి ఆయన పేరు రాయమని పెన్ను ఆవిడ చేతికిచ్చాను.